ఆవిరి ఇంజిను రూపకల్పనలో ఔచిత్యం: ఎక్స్‌బి నుంచి డబ్ల్యుపి, డబ్ల్యుజిల దాకా

వ్యాససంగ్రహం:

రైలింజను ప్రయాణికుల బండిని లాగాలా, సరుకుల బండిని లాగాలా అన్న ప్రశ్నతో దాని రూపకల్పన మొదలవుతుంది. చక్రాల సంఖ్య, చక్రం కొలత, సిలిండరు వెడల్పు, బాయిలరు పీడనం ఆ ప్రశ్నకు రూపకర్తలు ఇచ్చే సమాధానాలు. భారత బ్రాడ్‌గేజ్ రైలుమార్గాలపై 20వ శతాబ్ది ప్రథమార్ధంలో ఈ సమాధానం మూడుసార్లు మారింది. ఆ మూడు దశల ఇంజిన్లను ఔచిత్యమనే ప్రమాణంతో ఈ వ్యాసం తులనాత్మకంగా విమర్శిస్తుంది. పనినిబట్టి చేసిన వర్గీకరణ ఎంత సమగ్రంగా ఉన్నా, ఇంజిను నడిచే దారిని లెక్కలోకి తీసుకోని రూపకల్పన అనుచితమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఔచిత్యం, ఆవిరి ఇంజిను, ప్రమాణీకరణ, ఎక్స్‌బి, బిహటా ప్రమాదం, డబ్ల్యుపి, డబ్ల్యుజి.

1. ప్రవేశిక:

క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో కావ్యానికి ప్రాణం ఔచిత్యమని ప్రతిపాదించాడు. పదం, గుణం, అలంకారం, రసం ఇవన్నీ తగినచోట తగిన తీరున ఉన్నప్పుడే రాణిస్తాయన్నది ఆ ప్రతిపాదన సారాంశం. వస్తువు విలువను విడిగా తూచకుండా, అది దేనితో కలిసి పనిచేస్తుందో దానితో పెట్టి చూడటం ఈ ప్రమాణానికి గల ప్రత్యేకత. అందువల్ల దీనిని కావ్యేతర నిర్మాణాలకు కూడా అన్వయించే వీలుంది. యంత్రం అటువంటి నిర్మాణమే. అది ఒకరి ఆలోచనకు రూపం. ఆ రూపం వెనుక ఎంపికలున్నాయి. ఆ ఎంపికలను సమర్థించవచ్చు, ఆక్షేపించవచ్చు.

అయితే కావ్యవిమర్శకూ యంత్రవిమర్శకూ ఒక తేడా ఉంది. అనుచితమైన అలంకారం పాఠకుడి రసానుభూతిని చెడగొడుతుంది. అనుచితమైన ఇంజిను ప్రాణాలు తీయగలదు. 1937లో బిహటా వద్ద జరిగిన ప్రమాదం ఇందుకు సాక్ష్యం. ఆ కారణంగా ఆవిరి ఇంజిన్ల ఎంపికను కేవలం సాంకేతిక చరిత్రగా వదిలేయక, విమర్శకు గురిచేయవలసి ఉంది.

2. ఇంజినును చదివే పద్ధతి:

ఆవిరి ఇంజిన్లను చక్రాల అమరికనుబట్టి మూడంకెల సూత్రంతో గుర్తిస్తారు. 4-6-2 అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు చోదకచక్రాలు, వెనుక రెండు చిన్న చక్రాలు. పద్యపాదంలో గణాల వరుస చూసి ఛందస్సును పోల్చుకున్నట్లే, ఈ అంకెలనుబట్టి ఇంజిను ఏ పనికి పుట్టిందో చాలావరకు పోల్చుకోవచ్చు.

మొదటి అంకె వేగానికి సంబంధించినది. వేగంగా పోయే బండి వంపు తిరిగేటప్పుడు ఇంజిను ముందుభాగాన్ని పట్టాల వెంట నడిపించడానికి నాలుగు చక్రాల బోగీ అవసరమవుతుంది. నిదానంగా నడిచే గూడ్సు ఇంజనుకు రెండు చక్రాలు చాలు. రెండో అంకె లాగే శక్తికి సంబంధించినది. చోదకచక్రాలు పట్టాలను ఎంత బరువుతో అదిమిపట్టగలవో, జారకుండా అంత బరువును లాగగలవు. ఒక్కొక్క ఇరుసుపై పడే భారానికి పట్టాలు, వంతెనలు హద్దు విధిస్తాయి కాబట్టి, ఎక్కువ పట్టు కావాలంటే చోదకచక్రాల సంఖ్యను పెంచాలి. అందుకే ప్రయాణికుల ఇంజనుకు ఆరు, గూడ్సు ఇంజనుకు ఎనిమిది.

మూడో అంకె బొగ్గుకు సంబంధించినది. నాణ్యమైన బొగ్గుకు సన్నని ఫైర్‌బాక్స్ సరిపోతుంది; దానిని చోదకచక్రాల నడుమ ఇమడ్చవచ్చు. బూడిద ఎక్కువగా మిగిల్చే నాసి బొగ్గుతో అదే ఆవిరి పుట్టించాలంటే విశాలమైన ఫైర్‌బాక్స్ కావాలి. అది చక్రాల నడుమ పట్టదు. దానిని చోదకచక్రాల వెనక్కి జరిపి, కింద మరో జత చిన్న చక్రాలను ఆనుగా పెట్టాలి. కాబట్టి 4-6-0 పక్కన 4-6-2ను నిలిపి చూస్తే, చివరి అంకె చెప్పేది ప్రధానంగా ఇంధనం సంగతి.

ఈ మూడంకెలలో కనిపించనిది చోదకచక్రం వ్యాసం. పిస్టన్ల ఒక్క ఆవృత్తానికి చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, లాగే బలం తగ్గుతుంది. చిన్నదైతే బలం పెరుగుతుంది. అదే వేగం అందుకోవడానికి యంత్రభాగాలు మరింత త్వరగా కదలాలి. ఎక్స్‌బి చక్రం 74 అంగుళాలు, డబ్ల్యుపిది 67, డబ్ల్యుజిది 61.5. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని లెక్కకు తీసుకుంటే ఇవి నిమిషానికి వరుసగా సుమారు 282, 312, 340 చుట్లు తిరగాలి. రూపకర్త ఎంపిక ఈ అంకెల నడుమ జరుగుతుంది.

3. తొలి ప్రమాణాలు:

20వ శతాబ్ది ఆరంభం నాటికి భారతదేశంలోని ఒక్కో రైల్వే సంస్థ ఒక్కో రకం ఇంజన్లను తెప్పించుకునేది. ఈ వైవిధ్యాన్ని తగ్గించడానికి 1903 నుంచి బ్రిటన్‌లోని ప్రమాణాల సంఘం భారత బ్రాడ్‌గేజ్‌కు ఉమ్మడి నమూనాలను రూపొందించింది. ఆ సంఘం తరువాత స్వీకరించిన పేరునుబట్టి వీటిని 'బెసా' ఇంజన్లని పిలుస్తారు. మామూలు సరుకు బండ్లకు 0-6-0, బరువైన సరుకు బండ్లకు 2-8-0, మామూలు ప్రయాణికుల బండ్లకు 4-4-0, మెయిలు బండ్లకు 4-6-0 వీటిలో ముఖ్యమైనవి.

ఈ సూత్రాలన్నిటిలోనూ చివరి అంకె సున్నా. మంచి బొగ్గు దొరుకుతుందన్న నమ్మకం ఆ సున్నాలో ఉంది. ఆ షరతుకు లోబడి ఇవి ఉచితమైన ఇంజన్లు. నిర్మాణం సరళం, మరమ్మతు సులభం, నడక స్థిరం. వీటిలో అనేకం ఆ తరువాత వచ్చిన ఇంజన్లతో పాటు దశాబ్దాల తరబడి పనిచేశాయి. ఆడంబరం లేకపోవడమే వీటి దీర్ఘాయువుకు ఒక కారణం.

4. ఎక్స్ తరగతులు - కాగితంపై సమగ్రత:

మొదటి ప్రపంచయుద్ధం తరువాత రెండు ఒత్తిళ్లు ఎదురయ్యాయి. బండ్ల బరువు పెరిగింది. ఖర్చు తగ్గించుకోవడానికి చవకరకం భారతీయ బొగ్గును వాడవలసి వచ్చింది. తెలుగునేలకు సంబంధించినంతవరకు ఇది సుపరిచితమైన విషయం. ఇల్లెందు బొగ్గు గనులకు 19వ శతాబ్దం చివరలోనే నిజాం రైలుమార్గం చేరింది. అప్పట్లో సింగరేణి బొగ్గుకు రైల్వేలే పెద్ద కొనుగోలుదారులుగా ఉండేవి. బూడిద అధికంగా ఉండే ఇటువంటి బొగ్గు సన్నని ఫైర్‌బాక్స్‌లో మండినప్పుడు ఆ శ్రమ ఫైర్‌మన్ పారమీద పడుతుంది.

ఈ పరిస్థితికి 1920ల మధ్యలో ఇచ్చిన సమాధానమే భారతీయ రైల్వే ప్రమాణాల ఇంజన్లు. బ్రాడ్‌గేజ్‌కు ఎక్స్, మీటర్‌గేజ్‌కు వై, రెండున్నర అడుగుల నారోగేజ్‌కు జడ్ అన్న అక్షరాలను నిర్ణయించారు. బ్రాడ్‌గేజ్‌లో ఎక్స్‌ఎ శాఖామార్గాల ప్రయాణికుల బండ్లకు, ఎక్స్‌బి తేలికరకం, ఎక్స్‌సి బరువురకం ప్రయాణికుల బండ్లకు ఉద్దేశించినవి. ఈ మూడూ 4-6-2 అమరిక గలవి, 'పసిఫిక్' అన్న పేరుతో ప్రసిద్ధమైనవి. ఎక్స్‌డి తేలికరకం, ఎక్స్‌ఇ బరువురకం గూడ్సు ఇంజన్లు. ఇవి 2-8-2 అమరిక గలవి.

వర్గీకరణగా చూస్తే ఈ పథకం ముచ్చటైనది. తేలిక, బరువు అన్న భేదం ఒక దిక్కున, ప్రయాణికులు, సరుకు అన్న భేదం మరో దిక్కున నిలిచి, ప్రతి గడిలోనూ ఒక ఇంజను అమరింది. ఇరుసు భారం ఎక్స్‌బి, ఎక్స్‌డిలకు 17 టన్నులు, ఎక్స్‌ఇకి 22.5 టన్నులు. లాగే బలం ఎక్స్‌బికి సుమారు 26,760 పౌండ్లు, ఎక్స్‌ఇకి సుమారు 48,000 పౌండ్లు. విశాలమైన ఫైర్‌బాక్స్‌లతో బొగ్గు సమస్య కూడా తీరింది. పని, బరువు, ఇంధనం మూడిటికీ సమాధానం దొరికింది.

ఈ పథకం దారిని మాత్రం ఒకే అంకెతో కొలిచింది. ఇరుసు భారం 17 టన్నులు మించకపోతే 17 టన్నుల మార్గానికి ఆ ఇంజను తగినదని భావించింది. కాని దారిపై ఇంజను మోపే భారం నిలువుగా మాత్రమే ఉండదు. పరుగులో ఉన్న ఇంజను అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు పట్టాలను పక్కలకు తోస్తుంది. ఈ పక్కతోపు పట్టికలోని ఏ గడిలోనూ లేదు. అలంకారశాస్త్రంలో ప్రతి లక్షణానికీ ఉదాహరణ కుదిరిన లక్షణగ్రంథం వంటిది ఈ పథకం. లక్షణం నెరవేరినంత మాత్రాన కావ్యం సిద్ధించదు.

5. బిహటా - అనౌచిత్యానికి చెల్లించిన మూల్యం:

ఎక్స్‌బి ఇంజన్లు వేగంలో ఊగుతాయన్న సంగతి ప్రమాదానికి ముందే రైల్వేలకు తెలుసు. ముందు బోగీని, వెనుక చక్రాలను మధ్యకు లాగిపట్టే స్ప్రింగుల బలం చాలలేదు. ఇంజనుకూ బొగ్గూ నీరూ మోసే టెండరుకూ నడుమ ఉన్న బంధం ఊపును అదుపు చేసేంత బిగువుగా లేదు. గట్టి కంకరపరుపు గల మార్గంపై ఇవి చాలావరకు సాఫీగానే నడిచాయి. మెత్తబడిన మార్గంపై ఊపు పట్టాలను వంచేది. వంగిన పట్టా ఊపును ఇంకా పెంచేది. ఇంజనులోని లోపం, దారిలోని లోపం ఒకదానినొకటి పోషించుకున్నాయి.

1937 జులై 17న పాట్నాకు పశ్చిమాన ఉన్న బిహటా వద్ద, ఎక్స్‌బి ఇంజను లాగుతున్న హౌరా ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. వందమందికి పైగా మరణించారు. అనంతర పరిణామంగా ఏర్పడిన పసిఫిక్ లోకోమోటివ్ కమిటీకి లెఫ్టినెంట్ కల్నల్ ఎ. మౌంట్ అధ్యక్షత వహించాడు. ప్రసిద్ధ బ్రిటిష్ ఇంజను రూపకర్త విలియం స్టేనియర్ అందులో సభ్యుడు. 1939లో వెలువడిన నివేదిక ఇంజన్ల పక్క ఊపును అదుపు చేసే మార్పులను సూచించింది. మార్పులు పొందిన ఎక్స్‌బిలు ఆ తరువాత దశాబ్దాలపాటు పనిచేశాయి.

ఈ చివరి విషయం విమర్శకు చాలా ముఖ్యమైనది. అదే బాయిలరు, అవే చక్రాలు, అదే అమరిక కొన్ని స్ప్రింగులు, బంధాలు మార్చగానే నడకలో కుదురుకున్నాయి. కాబట్టి పసిఫిక్ అమరికే దోషమని అనడం సరికాదు. దోషమంతా పట్టాలదేనని, మార్గాన్ని సరిగ్గా పోషించి ఉంటే ప్రమాదం జరిగేది కాదని అనడం కూడా సరికాదు. వేల మైళ్ల పొడవునా దారి ఎప్పుడూ ఉత్తమస్థితిలో ఉంటుందన్న ఊహపై రూపకల్పన ఆధారపడకూడదు. శ్రోత స్థాయిని ఎంచి మాట్లాడవలసిన బాధ్యత వక్తదైనట్లు, ఉన్న దారిని ఎంచి ఇంజను గీయవలసిన బాధ్యత రూపకర్తది. ఇక్కడి అనౌచిత్యం ఇంజనుకూ దారికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంది.

6. ఒకే బాయిలరు, రెండు పనులు:

రెండో ప్రపంచయుద్ధం తరువాతి డబ్ల్యుపి, డబ్ల్యుజి ఇంజన్లు ఈ అనుభవం నుంచి పుట్టాయి. 'డబ్ల్యు' బ్రాడ్‌గేజ్‌కు, 'పి' ప్రయాణికులకు, 'జి' గూడ్సుకు సంకేతాలు. అమరికలు పాతవే: డబ్ల్యుపి 4-6-2, డబ్ల్యుజి 2-8-2. కొత్తదనం వాటి అనుపాతాల్లో ఉంది.

ఎక్స్‌సితో డబ్ల్యుపిని పోల్చితే ఇది తెలుస్తుంది. ఎక్స్‌సి సిలిండరు వెడల్పు 23 అంగుళాలు, బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 180 పౌండ్లు, చక్రం 74 అంగుళాలు. డబ్ల్యుపి సిలిండరు 20.25 అంగుళాలు, పీడనం 210 పౌండ్లు, చక్రం 67 అంగుళాలు. రెండింటిలోనూ పిస్టన్ నడక 28 అంగుళాలే. రెండింటి లాగే బలం కూడా దాదాపు సమానం. సుమారు 30,600 పౌండ్లు. అదే ఫలితాన్ని చిన్న సిలిండరుతో, చిన్న పిస్టనుతో డబ్ల్యుపి సాధించింది. ప్రయాణికుల ఇంజనుకు పెద్ద చక్రమే గౌరవమన్న పాత అభిప్రాయాన్ని వదులుకోవడం వల్ల ఇది సాధ్యమైంది. భారతీయ మార్గాలపై అనుమతించే వేగాలకు 74 అంగుళాల చక్రం అవసరం లేదు. అవసరం లేని గుణం అనౌచిత్యంగా పరిణమిస్తుందన్న విషయాన్ని ఈ పోలిక అంకెలలో చూపుతుంది.

డబ్ల్యుజి విషయం ఇంకా ఆసక్తికరమైనది. దానికి డబ్ల్యుపి బాయిలరునే స్వీకరించారు. పీడనం అదే 210 పౌండ్లు, పిస్టన్ నడక అదే 28 అంగుళాలు. సిలిండరును 21.875 అంగుళాలకు పెంచి, చక్రాన్ని 61.5 అంగుళాలకు తగ్గించడంతో లాగే బలం సుమారు 38,900 పౌండ్లకు చేరింది. అంటే ఒకే బాయిలరు నుంచి నాలుగోవంతుకు పైగా అధికబలం సిద్ధించింది. బాయిలరు ఇచ్చే ఆవిరికి హద్దు ఒకటే కాబట్టి, ఆ అధికబలం వేగాన్ని తగ్గించుకున్నప్పుడే నిలకడగా లభిస్తుంది. డబ్ల్యుపి ఆ ఆవిరిని వేగంగా ఖర్చు చేస్తుంది. డబ్ల్యుజి బరువుగా ఖర్చు చేస్తుంది.

ప్రయాణికుల ఇంజను, గూడ్సు ఇంజను అన్న విభజన ఎంతవరకు మౌలికమన్న ప్రశ్న ఇక్కడ ఎదురవుతుంది. బొగ్గు, నీరు, ఫైర్‌మన్ శ్రమ, షెడ్డులో మరమ్మతు ఇవన్నీ రెండు ఇంజన్లకూ సమానమే. వాటిని ఎదుర్కొనే భాగం బాయిలరు; దానిని ఉమ్మడిగా ఉంచారు. తేడా అంతా బండి వేగం, బరువులకు సంబంధించినది, దానిని ఎదుర్కొనే భాగాలు చక్రాలు, సిలిండర్లు, వాటిని మార్చారు. ఏది ఉమ్మడిగా ఉండాలో, ఏది వేరుగా ఉండాలో గుర్తించడమే ఈ జంట రూపకల్పనలోని వివేకం. నెల్లూరు జిల్లా బిట్రగుంట వంటి లోకో షెడ్డు ఊళ్లలో దీనికి ప్రత్యక్ష ప్రయోజనం ఉండేది. రెండు రకాల ఇంజన్లకూ అనేక విడిభాగాలు, అదే పనితనం సరిపోయినప్పుడు షెడ్డు పని తేలికవుతుంది.

7. అలంకారం, సంఖ్య:

డబ్ల్యుపి ముందుభాగాన గుండుసూది మొనలా పొడుచుకువచ్చిన శంఖాకారపు ముక్కు ఉంటుంది. దానిపై అనేక షెడ్లు నక్షత్రాన్ని అలంకరించేవి. డబ్ల్యుజికి ఆ ముక్కు లేదు. ఆ ఇంజన్లు నడిచిన వేగాల్లో గాలి ఎదురును తగ్గించడానికి ఆ ముక్కు చేసిన మేలు స్వల్పం. ఆ దృష్టితో అది నిరుపయోగమైన అలంకారమని ఆక్షేపించవచ్చు. కాని అది ఇంజను పనికి చెప్పుకోదగిన ఆటంకం కలిగించలేదు; వేదికపై నిలిచిన ప్రయాణికుడు చూసే ఇంజనుకే ఉంది, బొగ్గు వ్యాగన్లను లాగే ఇంజనుకు లేదు. చూసేవారున్నచోట అలంకారాన్ని ఉంచి, లేనిచోట విడిచిపెట్టడం కూడా ఔచిత్యమే.

సంఖ్యల ఎంపిక ఇంతకంటే గంభీరమైన విషయం. డబ్ల్యుపిలు 755 తయారుకాగా డబ్ల్యుజిలు 2,450 తయారయ్యాయి. 1950లో చిత్తరంజన్ కర్మాగారం నుంచి వెలువడిన తొలి ఇంజను 'దేశబంధు' కూడా డబ్ల్యుజి తరగతిదే. బొగ్గు, ఉక్కు, సిమెంటు, ధాన్యం తరలింపుపై ఆధారపడ్డ ప్రణాళికాయుగపు ప్రాధాన్యం ఈ నిష్పత్తిలో కనిపిస్తుంది. ప్రజల జ్ఞాపకంలో నిలిచినది నక్షత్రపు ముక్కు డబ్ల్యుపి. దేశపు బరువును ఎక్కువగా మోసినది ముక్కులేని డబ్ల్యుజి. అవసరమైనచోట అది ప్రయాణికుల బండ్లను కూడా లాగింది.

8. ఒక ఆక్షేపం - సమాధానం:

ఔచిత్యాన్ని ఫలితం తెలిశాక నిర్ణయించడం సులభమని, 1920ల రూపకర్తలను 1939 నివేదికతో కొలవడం న్యాయం కాదని ఆక్షేపించవచ్చు. ఇది తోసిపుచ్చదగిన ఆక్షేపం కాదు. పట్టాలపై పక్కతోపును కొలిచే పరిజ్ఞానం ఆనాటికి ఇంకా ఎదుగుతూనే ఉంది. పసిఫిక్ అమరిక ఇతర దేశాల్లో విజయవంతమైనదే.

అయితే తెలియనిదానిని తెలుసుకునే మార్గం ఆనాడు కూడా ఉంది. కొద్ది ఇంజన్లను తెప్పించి, వేర్వేరు మార్గాలపై, వేర్వేరు ఋతువుల్లో నడిపి, ఆ తరువాత ఎక్కువ సంఖ్యలో కొనుగోలు చేయడమే ఆ మార్గం. ఎక్స్ తరగతుల విషయంలో తగినంత పరీక్షకు ముందే పెద్దసంఖ్యలో కొనుగోళ్లు జరిగాయి. ఊపు కనిపించిన తరువాత కూడా ఆ ఇంజన్లు ఎక్స్‌ప్రెస్ బండ్లను లాగుతూనే ఉన్నాయి. డబ్ల్యుపి విషయంలో ఈ క్రమం మారింది. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ సంస్థ నుంచి మొదట 16 ఇంజన్లు మాత్రమే వచ్చాయి. అధికసంఖ్యలో తయారీ 1949లో మొదలైంది. అప్పటికి నడిచి చూపిన బాయిలరుతోనే 1950లో డబ్ల్యుజి వచ్చింది. కాబట్టి 1920ల రూపకర్తలపై మోపదగిన ఆక్షేపం వారికి తెలియకపోవడం గురించి కాదు. తెలియదన్న ఎరుకకు కొనుగోలు పద్ధతిలో చోటివ్వకపోవడం గురించి.

9. ఉపసంహారం:

ఈ పరిశీలన మూడు నిర్ధారణలకు దారితీస్తుంది. మొదటిది: బెసా, ఎక్స్, డబ్ల్యు తరగతులు మూడింటిలోనూ ప్రయాణికులు, సరుకు అన్న విభజన ఉంది, కాని వాటి జయాపజయాలను ఆ విభజన ఒక్కటే నిర్ణయించలేదు. ఇంధనం, దారి, మరమ్మతు వసతి సమానంగా నిర్ణయించాయి. రెండోది: ఒక గుణం ఎంత గొప్పదైనా, దాని అవసరం లేనిచోట భారమవుతుంది, 74 అంగుళాల చక్రం నుంచి 67 అంగుళాల చక్రానికి దిగడం ఇందుకు నిదర్శనం. మూడోది: ఔచిత్యం గీతపటంపై పూర్తిగా తేలేది కాదు. నడిపి చూసి, తప్పు దిద్దుకునే అవకాశాన్ని రూపకల్పనలోనే భాగం చేసుకోవాలి.

1972 నాటికి భారత రైల్వేలకు ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయింది. డీజిల్, విద్యుత్ ఇంజన్లకు చక్రాల సూత్రాలు, ఇంధనాలు వేరు. అయినా ఏ కొత్త ఇంజనునైనా పట్టాలమీదకు ఎక్కించే ముందు వేయవలసిన ప్రశ్న మారలేదు. అది ఎంత లాగుతుంది, ఎంత వేగంగా పోతుంది అన్నవాటికి తయారీదారు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఈ దారిమీద, ఈ స్థితిలో అది ఎలా నడుస్తుందన్నదానికి సమాధానం నడిపి చూసినవారి దగ్గరే దొరుకుతుంది. బిహటాలో ఆ రెండో ప్రశ్నకు సమాధానం ప్రయాణికుల ప్రాణాలతో తెలిసింది. యంత్రాలను కూడా విమర్శదృష్టితో చదవవలసిన అవసరం అక్కడ ఉంది.